కర్రినెక్కడ ఉంచాలి, పిల్లల్నెవరికియ్యాలి?

నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 36 ఏళ్లు, ప్రైవేటు బడిలో టీచరు. భర్త, తొమ్మిదేళ్ల కూతురుతో హైదరాబాద్ రోడ్డు వైపు ఒక కాలనీలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్నారు. బడికి పోయే దారిలో ఒక రిపేరు షెడ్డు వెనక నల్లటి ఆడకుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచేవారు. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడు, కుక్క పెరిగినకొద్దీ మెడ తోలులోకి దిగిపోయి పుండయింది, పురుగులు పడ్డాయి. షెడ్డాయన దాన్ని రాడ్డుతో కొట్టడం రెండుసార్లు చూశారు. ఒక రాత్రి తాడు కోసి ఇంటికి తెచ్చేశారు. డాక్టరు మత్తిచ్చి, మెడలో మిగిలిన తాడు తీసేశాక గాయం మానింది. కర్రి అని పేరు పెట్టుకున్నారు.

మూడు వారాలకే కర్రి ఐదు పిల్లల్ని పెట్టింది. నలభయ్యో రోజున ఒకటి వాంతులు, రక్తపు విరేచనాలతో చనిపోయింది. ఇంకొకదాన్ని కోళ్లఫారం ఉందన్న ఒక పరిచయస్తునికి ఇచ్చారు. పది రోజులకు నార్కట్‌పల్లి రోడ్డు మీద వదిలేశాడని తెలిసి వెతికితే దొరకలేదు. ఇప్పుడు 70 రోజుల పిల్లలు మూడున్నాయి, రెండు ఆడవి, ఒకటి మగది. టీకాలు ఇంకా వేయించలేదు. ఇంటి ఓనరు నెలాఖరు దాకా, అంటే 20 రోజులు గడువిచ్చారు. భర్త "ఇంట్ల మనుషులుండాల్నా, కుక్కలుండాల్నా? పానగల్లు చెరువు కట్ట మీద ఇడిశిపెట్టి రా" అంటున్నారు. షెడ్డాయనేమో "నా కుక్కను దొంగతనంగ తీస్కపోయిన్రు, కుక్కనన్న ఇయ్యిన్రి, అయిదు వేలన్న ఇయ్యిన్రి" అని గేటు దగ్గరికొచ్చి అరుస్తున్నాడు.

ఆమె ముందు కొన్ని దారులున్నాయి. కనగల్ దగ్గర బత్తాయి తోట ఉన్న బంధువులు "అన్నీ మాకే ఇయ్యి" అన్నారు. హైదరాబాద్‌లో ఒక షెల్టరువాళ్లు ఫోన్‌పే చేస్తే తీసుకుంటామన్నారు. మహబూబ్‌నగర్‌లో ఒక కుటుంబం మగపిల్లను అడిగింది. తోటి టీచరు బడి వెనక వదిలేయమని, మధ్యాహ్నం మిగిలిన అన్నం తింటాయని సలహా ఇచ్చారు. రెండు నెలల కిందట పిల్లల్ని ముట్టుకుంటుంటే కర్రి తన చేతిని కొరికిందని, డెట్టాల్‌తో కడిగి పసుపు పెట్టుకున్నానని మధ్యలో ఒక్క వాక్యంలో రాశారు. కాలనీ పిల్లలు 'కుక్కల టీచర్' అని, కుంటుతున్న ఇంకో కుక్కపిల్లను మొన్ననే తెచ్చి ఇచ్చారట. "నేను చేసింది తప్పా? ఇప్పుడు దేన్ని ఎక్కడికి పంపాలి?" అని అడిగారు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ చేతి సంగతితోనే మొదలుపెడదాం. ఇప్పుడు దాని గురించి భయపడక్కర్లేదు. కరిచిన కుక్క ఆ తర్వాత 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ లేనట్టే. కర్రి రెండు నెలలుగా నిక్షేపంగా ఉంది. కానీ ఆ రోజు మీరు చేసింది పెద్ద సాహసమే. 10 రోజులు చూసి అప్పుడు టీకా సంగతి ఆలోచించడం కాదు, టీకా మొదలుపెట్టి కుక్కను చూస్తూ ఉండాలి. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు పెట్టొద్దు. రోజూ కుక్కలతో మెలిగే మీరు, మీ పాప, కరవకముందే వేసుకునే టీకాల గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి: మొదటి డోసు వేసిన రోజును 0 అనుకుంటే 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజున, మొత్తం మూడు డోసులు. అవి పూర్తయ్యాక ఎప్పుడైనా పన్ను దిగితే 0, 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోతుంది, గాయంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ అవసరం ఉండదు.

ఇక కుక్కల సంగతి. "అన్నీ ఎక్కడికి" అని అడగడంలోనే చిక్కుంది. పిల్లలది ఒక లెక్క, తల్లిది వేరే లెక్క. పిల్లలు మంచి ఇళ్లకు పోవడానికి సరైన వయసు ఇదే. ఆలస్యమైన ప్రతి వారం అడిగేవాళ్లు తగ్గుతారు. కర్రి మాత్రం 20 రోజుల్లో ఎవరికీ ఇవ్వదగ్గ స్థితిలో లేదు. మగమనిషి చెయ్యెత్తితేనే మూత్రం పోసుకునే కుక్కను హడావుడిగా పంపితే, వారంలో తప్పించుకుని రోడ్డెక్కుతుంది. కాబట్టి నెలాఖరుకు మీ ఇంట్లోంచి నాలుగూ పోవాలని పెట్టుకోకండి, పిల్లలు మూడూ పోవాలి.

అయితే రేపే ఇచ్చెయ్యకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చనిపోయినదానికి వచ్చింది పార్వో అనే వైరస్ జబ్బు అయి ఉండాలి. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో చావదు, పైగా ఫినాయిల్ నాకితే పిల్లలకే ప్రమాదం. పిల్లలు తిరిగిన చోటును ముందు సబ్బునీళ్లతో రుద్ది కడగండి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడిగేయండి. ఆ పది నిమిషాలూ పిల్లలు వేరే గదిలో ఉండాలి. కాలనీ పిల్లలు తెచ్చిన కుంటి కుక్కపిల్లను ఈ మూడింటితో కలపొద్దు. కలిపి ఉంటే దానికీ వాంతులు, విరేచనాలు వస్తాయేమో 14 రోజులు చూడండి.

ఈ రెండు మూడు రోజుల్లోనే పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఏలికపాముల మందు, మొదటి కాంబినేషన్ టీకా వేయించండి. పార్వోకు, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకు, రెండింటికీ టీకా అందులోనే ఉంటుంది. మూడు నాలుగు వారాలకు రెండోది, 16 వారాల వయసు దాటేదాకా ఇదే వరస. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఇన్నిసార్లు ఎందుకని మీవారు అడుగుతారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటే అది టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లకో తీరుగా ఉంటుంది గనక మళ్లీ మళ్లీ వేస్తారు. మొదటి టీకా వేశాక వారం, పది రోజులు ఆగి, హుషారుగా తింటూ గట్టిగా విరేచనం చేస్తుంటే అప్పుడు ఇవ్వండి. జబ్బుపడ్డ పిల్లను ఇచ్చారంటే అది తిరిగొస్తుంది, లేదంటే వాళ్ల చేతుల్లోనే పోతుంది. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ వీధి కుక్కపిల్లను తెచ్చుకోరు.

ఈ పది రోజులు ఊరికే పోవు. పిల్లల బుర్ర కొత్తవాటికి భయపడకుండా అలవాటు పడే వయసు 14 వారాల లోపే. నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని స్కూటీ చప్పుడు, కుక్కర్ విజిల్, టోపీ పెట్టుకున్న మనిషి, గడ్డపాయన, ఆటో, అన్నీ చూపించండి. మీ పాపకు ఇంతకన్నా మంచి పని దొరకదు.

మహబూబ్‌నగర్ కుటుంబం గురించి మీరు రాసింది బాగానే ఉంది, కానీ "వాళ్లు మంచోళ్లు" అనేది సరిపోదు. కోళ్లఫారం ఆయన కూడా మంచోడే అన్నారు కదా. ఫోన్‌లో నాలుగు సంగతులు అడగండి. పగలు ఇంట్లో ఎవరుంటారు, రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఇల్లు సొంతమా, అద్దె అయితే ఓనరు ఒప్పుకున్నారా, ఇంతకుముందు కుక్క ఉంటే అదేమైంది. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మొత్తం చెప్పేస్తుంది. "ఎటో పోయింది" అన్నవాళ్ల దగ్గర ఇదీ ఎటో పోతుంది. "పెద్దయితే తోట కాడికి పంపుతం" అంటే, ఆ తోటను చూసి మాట్లాడాలి. తర్వాత ఇల్లు చూడండి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోవాలి, సెలవు రోజు పెట్టుకోండి. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి పెట్టొద్దు, నీళ్లు ఇవ్వొచ్చు. గాలి ఆడే ప్లాస్టిక్ క్రేటులో పాత పేపర్లు పరిచి తీసుకెళ్లండి. బస్టాండులో చేతులు మార్చేసి రావొద్దు. వాళ్ల గేటు కింద సందు ఎంతుందో మీ కంటితో చూడండి. అందులోంచి మీ పిడికిలి దూరితే ఈ పిల్ల తల దూరుతుంది, తల దూరితే ఒళ్లంతా దూరుతుంది.

అక్కడే ఒక కాగితం రాయించుకోండి. ఆధార్ జిరాక్స్, కుక్క గుర్తులు, వేసిన టీకాల తేదీలు, ఆరు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని, పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా మీకే తిరిగిస్తామని. కొందరు రెండు వేలు డిపాజిట్‌గా పెట్టుకుని, ఆపరేషన్ చీటీ చూపించాక వెనక్కిస్తారు. మొహమాటపడి ఇది వదిలేస్తుంటారు గానీ, డిపాజిట్ అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లను ముందే వడగట్టడం మీకే మేలు. పిల్లను ఇచ్చాక మూడో రోజు, మూడో వారం, మూడో నెల ఫొటో అడగండి. మొదటి మూడు రోజులు మంచం కింద దూరి తినకపోవడం మామూలేనని, ఇల్లు తనదని నమ్మడానికి మూడు నెలలు పడుతుందని వాళ్లకు ముందే చెప్పండి. "మొదటి రాత్రంతా ఏడ్చింది, తీస్కపోండి" అనే ఫోన్లు చాలావరకు ఈ మాట చెప్పకపోవడం వల్లే వస్తాయి.

ఆడ కుక్కపిల్లల్ని ఎవరూ అడగడం లేదని రాశారు. మన దగ్గర కుక్క విషయంలోనూ "మగది ఉందా" అనే మాటే. వాళ్ల భయమల్లా ఆర్నెల్లకోసారి పిల్లలు పెడుతుందనే. కాబట్టి ఆడపిల్లల ఆపరేషన్ మేమే చేయిస్తామని స్టేటస్‌లో మొదటి లైనులో పెట్టండి. ఫొటో పగటి వెలుగులో, మీరు నేల మీద కూర్చుని దాని కళ్లకు సూటిగా తీయండి. కర్రి మెడ పుండు ఫొటోలు వద్దు. జాలితో తీసుకున్నవాళ్లకు జాలి నెలకు మించి ఉండదు. 'ఉచితం' అనే మాట వాడొద్దు. పెద్దయితే 15 కిలోల దాకా ఉంటుందని, పిల్లలతో ఎలా ఉంటుందో, ఏమేం టీకాలు పడ్డాయో రాయండి. జాతి కుక్కా అని అడిగినవాళ్లతో వాదించి లాభం లేదు, వదిలేయండి. రెండు ఆడపిల్లల్నీ ఒకే ఇంటికి ఇస్తే తోడుంటాయనిపిస్తుంది గానీ, వాటి లోకం అవే అయిపోయి మనుషులకు దగ్గర కావు, పెద్దయ్యాక పోట్లాడుకోవచ్చు. విడివిడిగా ఇవ్వడమే మంచిది.

బత్తాయి తోటకు పిల్లల్ని పంపొద్దు. మోటబావికి గోడ ఉండదు, పురుగుమందు గుళికలు షెడ్డులో నేల మీదే ఉంటాయి. పైగా అడవిపందుల కోసం రాత్రిళ్లు కరెంటు వైర్లు పెట్టే, నాటుబాంబులు పెట్టే చేలు చుట్టుపక్కల ఉంటే పెద్ద కుక్క కూడా బతకదు. కర్రికైతే అక్కడ వీలు పడొచ్చు, అదీ ఇప్పుడు కాదు. తోటలో రాత్రి మనుషులు పడుకుంటారా, పక్క చేనువాళ్లు వైర్లు పెడతారా, గొలుసుతో కట్టేస్తారా అని బంధువుల్ని సూటిగా అడగండి. "కట్టెయ్యకపోతే ఎట్ల" అని వాళ్లంటే, రిపేరు షెడ్డు నుంచి తెచ్చి ఇంకో షెడ్డులో పెట్టినట్టే.

హైదరాబాద్ షెల్టరు చెడ్డదో మంచిదో ఉత్తరం చదివి చెప్పలేం. చెప్పకుండా వచ్చి చూడొచ్చా, ఎన్ని కుక్కలకు ఎంతమంది పనివాళ్లు, కొత్తగా వచ్చినవాటికి వేరే గది ఉందా, పోయిన నెల ఎన్ని దత్తత పోయాయి అని అడగండి. డబ్బు ముందు, చూడటం తర్వాత అంటే అక్కడికి పంపొద్దు. ఎంత మంచి షెల్టరైనా టీకా పూర్తికాని పిల్లలకు అది జబ్బుల ఇల్లు. కర్రిలాంటి భయస్తురాలికి వంద కుక్కల అరుపుల మధ్య ఆకలే చచ్చిపోతుంది.

కర్రికి ముందు కావలసింది ఆపరేషన్. పిల్లలకు పాలు మాన్పించి, రెండు మూడు వారాల్లో పొదుగు ఎండాక చేయిస్తే రక్తం తక్కువ పోతుంది. అది చేయించకుండా ఎక్కడికి పంపినా కొన్ని నెలల్లో మళ్లీ ఎదకొస్తుంది, అక్కడి నుంచి 63 రోజులకు మళ్లీ ఐదో ఆరో. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష తప్పకుండా అడగండి. షెడ్డు వెనక పెరిగిన కుక్కకు గోమార్ల వల్ల వచ్చే జ్వరం లోపలే ఉండొచ్చు. అందులో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే కోతలో రక్తం ఆగదు. పెదవి ఎత్తి చూడండి, చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, తెల్లగా పాలిపోతే ముందు ఆ జ్వరానికి వైద్యం. ఆపరేషన్ తర్వాత పది రోజులు కుట్లు నాకకుండా మెడకు పెట్టే గరాటు కర్రికి కుదరదు, మెడ ముట్టుకుంటేనే వణుకుతుందన్నారు. మీ పాప పాత టీషర్టు తొడిగి, నడుం దగ్గర ముడి వేయండి. రేబిస్ టీకా అప్పుడే వేయించి చీటీ దాచుకోండి.

అంటే కర్రికి ఇంకో నెలన్నర నీడ కావాలి. అందుకు రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటి ఓనరును కర్రి ఒక్కదాని కోసమే అడగడం. "అన్నీ పంపేస్తం" అని మాటతో కాకుండా, ఏ పిల్ల ఏ తేదీకి పోతుందో కాగితం మీద రాసి ఇవ్వండి, మొదటి పిల్ల ఆ తేదీకే పోవాలి. ఆయన బాధ వాసనో, అరుపులో, తన మనవడి భయమో తెలుసుకుంటే సగం సర్దుబాటు అక్కడే. పెంపుడు కుక్కలు వద్దని కాలనీ సంఘాలు నిషేధం పెట్టలేవని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలున్నాయి. కానీ అద్దె ఒప్పందంలో షరతు ఉంటే మీరు దానికి కట్టుబడాల్సిందే, ఓనరుతో చట్టం మాట్లాడకండి. రెండోది, ఇంకొకరి ఇంట్లో కొన్నాళ్లు ఉంచడం. ఆ ఇంట్లో టీకాల్లేని కుక్కపిల్లలు ఉండకూడదు, తిండి ఖర్చు మీదే కావాలి. 15 కిలోల కుక్కకు రోజుకు రమారమి 300 గ్రాముల అన్నం, 200 గ్రాముల ఉడికించిన చికెన్, ఎముకలు ఏరేసి, రెండు పూటలకు. చికెన్ సెంటరులో మిగిలే ముక్కలతో నడిచిపోతుంది. ఈ లెక్క మీవారి ముందు కూడా పెట్టండి. ఎప్పటికి ఆగుతుందో తెలియని ఖర్చుకే ఎవరైనా అడ్డం చెబుతారు. ఆయన్ను ఈ కథలో విలన్‌ను చేయకండి.

చెరువు కట్ట, బడి వెనక, రెండూ మనసులోంచి తీసేయండి. కట్ట మీద అప్పటికే ఉన్న కుక్కలు కొత్తదాన్ని బతకనివ్వవు. పెంచిన జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. బడి సంగతికొస్తే, 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసేయాలని, తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. మీ సహోద్యోగి మంచికే చెప్పి ఉంటారు, కానీ రేపు ఒక పిల్లవాణ్ని కర్రి కరిస్తే మీ ఉద్యోగం కూడా పోతుంది.

మిగిలింది షెడ్డాయన. ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చట్టం దృష్టిలో పెంపుడు కుక్క ఆస్తి. రాత్రిపూట తాడు కోసి తేవడం ఆయన దొంగతనమంటే కొట్టిపారేయలేం. కానీ మీ దగ్గరా బలముంది. తాడు తీసిన రోజు డాక్టరు రాసిన చీటీ, పుండు ఫొటోలు. కొట్టడం, కదలనివ్వకుండా కట్టేయడం రెండూ ఆ 1960 చట్టంలోని 11వ సెక్షన్ కిందికి వస్తాయి. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, కాబట్టి కేసు పెడితే ఆయన జైలుకు పోతాడనుకోకండి. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. కుక్కల కోసం పోలీసులు కేసు రాయరన్న మాట కూడా నిజం కాదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపినప్పుడు కేసు నమోదైంది.

ఐదు వేలు ఇస్తే ఆ రోజుకు అరుపులు ఆగుతాయి. ఆ డబ్బుతో అదే తాడుకు ఇంకో పిల్లను కడతాడు, కర్రి పేరు చెప్పి మళ్లీ మీ గేటుకొస్తాడు. ముందే కేసు పెడితే అదే దారిలో రోజూ బడికి పోవాల్సింది మీరు. మా మొగ్గు మూడోదాని వైపు: కాలనీ పెద్దమనిషి ఒకరిని, మీవారిని వెంటబెట్టుకుని పగటిపూట పోయి, వైద్యం బిల్లులు, ఫొటోలు ముందు పెట్టి, స్టేషన్‌కు పోకుండా ఇక్కడే తేల్చుకుందామనండి. తెల్లకాగితం మీద "మెడ చుట్టూ గాయం మచ్చ ఉన్న నల్లటి ఆడకుక్క మీద నాకు ఏ హక్కూ లేదు, ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను" అని రాసి సంతకం, తేదీ, ఇద్దరు సాక్షులు. ఒప్పుకోకపోతే అప్పుడు ఫిర్యాదు. ఈ కాగితం లేకుండా కర్రిని ఎవరికీ దత్తత ఇవ్వకండి, గొడవ వాళ్ల గడప దాకా పోతుంది.

కుంటి పిల్లకు నొప్పి తగ్గాలని పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఇంట్లో ఉన్న ఏ మనుషుల మాత్రా వేయకండి, మోతాదు కొంచెం తప్పినా లివరో, కిడ్నీలో పోతాయి. డాక్టరుకు చూపించి, ఎముక విరగలేదంటే తల్లి ఉన్న చోటికే చేర్చండి. ఈ నాలుగూ సర్దుకునేదాకా ఐదోది ఇంట్లోకి రాకూడదు. కాలనీ పిల్లలకు ఆ మాట చెప్పి, ఎత్తుకురావడం బదులు ఎక్కడుందో వచ్చి చెప్పమనండి.

ఇంకొకటి, కర్రి కోసం ఇప్పుడే ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు కొనండి. ముందు కాళ్ల వెనక రెండు వేళ్లు దూరేంత వదులు పెట్టి, రోజూ అన్నం తినేటప్పుడు ఐదు నిమిషాలు తొడిగి తీసేయండి. రెండు వారాల్లో బెల్టు చూస్తే అన్నం గుర్తొస్తుంది. తీసుకెళ్లేవాళ్లకు ఆ బెల్టు మీరే ఇచ్చి పంపండి, మెడకు ఏమీ కట్టొద్దని దత్తత కాగితంలో కూడా రాయండి.